కాల్చిన పదిహేను రోజులకి కుండల మీద పెచ్చులు లేస్తున్నాయి. తప్పు మట్టిదా, కిల్న్‌దా?

మట్టిచేతులు
ముందే నా స్థాయి చెప్పేస్తా, తర్వాత తిట్టుకోకండి. పగలు బ్యాంకు ఉద్యోగం, రాత్రి ఏడు దాటాక మట్టి. సారె పట్టి ఏడాదిన్నర. సొంత కిల్న్ (కుండలు కాల్చే బట్టీ) లేదు. ఎంవీపీ కాలనీలో మా బాల్కనీలోనే చేసి, ఆరబెట్టి, కారు వెనక సీట్లో దిండ్ల మధ్య పడుకోబెట్టి తీసుకెళ్లి అద్దె కిల్న్‌లో కాల్పిస్తా.

కార్తీక మాసం స్టాల్ కోసం ఈసారి 40 చేశా. ప్రమిదలు, చేప బొమ్మ గీసిన గోడ పళ్లేలు, ఎనిమిది కప్పులు. కప్పులకి లోపల మాత్రమే గ్లేజ్, అంటే గాజులాంటి పూత. 1000 డిగ్రీలకి కాల్చారు. తలుపు తీసినప్పుడు ఒక్కటీ పగల్లేదు. వేలి కణుపుతో కొడితే ఖంగుమన్నాయి. ఫొటోలు తీసి చుట్టాలందరికీ పంపి, పేపర్లో చుట్టి, అట్టపెట్టెలో సర్ది మంచం కిందకి తోశా.

పదిహేను రోజులకి తీస్తే పళ్లేల నిండా గుంటలు. కొన్ని పెసరగింజంత, కొన్ని శనగగింజంత. గోరుతో ఎవరో గిల్లినట్టు పెచ్చు లేచిపోయి, ఆ పెచ్చు పేపర్లోనే పడుంది. ప్రతి గుంట అడుగునా ఆవగింజంత తెల్ల చుక్క. 40లో 17 పోయాయి. ఒక చేపకైతే సరిగ్గా కన్ను ఊడింది.

అంతకంటే ఘోరం, నాలుగు కప్పులు అత్తగారికి ఇచ్చా. రాత్రి రెండింటికి షోకేసులో "టప్" మందట. బల్లి పడిందేమో అని ఆవిడ లైటేసి చూస్తే కప్పు అంచు పోయింది. మా ఆయన దిష్టి అంటున్నారు. కిల్న్ ఆయన మట్టి మంచిది కాదంటున్నాడు. మట్టి అమ్మినాయన కిల్న్ సరిగా కాల్చలేదంటున్నాడు. ఇద్దరి మధ్య నా కుండలు పోయాయి. ఎవరిని నమ్మాలి?

హైదరాబాద్_హరి
గాలి బుడగలు. మట్టి సరిగా పిసకలేదు. నాకు మొదట్లో ఇలాగే పేలాయి.

కుమ్మరివారబ్బాయి
హరి గారూ, పేలేవి కిల్న్‌లోనే పేలతాయి. అది కూడా బుడగ వల్ల కాదు, లోపల తడి ఆరక ముందే వేడి పెంచితే ఆవిరి దారి దొరక్క చీల్చుకుని వస్తుంది. పదిహేను రోజులు మంచం కింద ఓపిగ్గా కూర్చుని పేలే గాలి బుడగని నేనెక్కడా చూడలేదు.

భీమిలి_బాబ్జీ
ఏటండీ, మీ కప్పులు ముహూర్తం చూసుకుని మరీ పేలతన్నాయి.

గాజువాక_గిరి
రెండు ప్రశ్నలు. చల్లారడానికి ఎంతసేపు ఇచ్చారు? ఎన్ని డిగ్రీల దగ్గర తలుపు తీశారు? 573 డిగ్రీల దగ్గర మట్టిలోని క్వార్ట్జ్ (ఇసుకలో ఉండే ఖనిజం) ఒక్కసారిగా రూపం మారుతుంది. పైకెళ్లేటప్పుడు కొంచెం పెరుగుతుంది, దిగేటప్పుడు తగ్గుతుంది. అక్కడ తొందరపడితే పగుళ్లొస్తాయి. మా ఫర్నేసుల ఇటుకలతో ఇరవై రెండేళ్లు గడిపినవాణ్ణి, ఈ రోగం బాగా తెలుసు.

మట్టిచేతులు
మర్నాడు పొద్దున తీశాం, చెయ్యి పెట్టగలిగినంత వేడే ఉంది. పగుళ్లు లేవండీ గిరి గారూ. గీత ఒక్కటీ లేదు. గుంటలే.

గాజువాక_గిరి
అయితే నా రోగం కాదు.

రంగులడబ్బా
మట్టి గురించి నాకేం తెలీదు కానీ తేమ అయ్యుంటుంది. వైజాగ్‌లో ఏది చెడినా తేమే. లాసన్స్ బే కాలనీలో మా గది పడమటి గోడకి ఆనించిన ఆక్రిలిక్ కాన్వాసులు ఆరు. ఈ వర్షాలకి వెనకాల బూజు పట్టి జున్నులా తయారయ్యాయి. రెసిన్ ట్రే ఒకటి పోస్తే మూడో రోజుకి కూడా వేలికి అంటుకుంటోంది.

హైదరాబాద్_హరి
తేమ వల్ల కాల్చిన కుండ పేలడమేంటండీ. నీళ్లు పోసుకోవడానికే కదా కుండ చేసేది.

రిటైర్డ్_మాస్టారు
హరి గారి సందేహం బాగుంది, రంగులడబ్బా గారి ఊహ కూడా దగ్గర్లోనే ఉంది. అమ్మా మట్టిచేతులూ, ఒక పని చెయ్యి. ఈమధ్యే లేచిన గుంట ఒకటి చూడు. అడుగున ఉన్న తెల్ల చుక్క మీద ఒక నీటిబొట్టు వేసి, చిటికెడు వంటింటి పసుపు అద్దు. రంగు చూసి చెప్పు. ఇప్పుడే ఏమీ చెప్పను, నలభై ఏళ్లు కెమిస్ట్రీ చెప్పినవాడికి ఆ మాత్రం సరదా ఉంటుంది.

భీమిలి_బాబ్జీ
మాస్టారు సస్పెన్స్‌లో ఎట్టేశారు. నాను పడుకోను.

మట్టిచేతులు
చేశా. చేప కన్ను ఊడిన పళ్లెం తీసుకున్నా. అగ్గిపుల్ల కొసతో నీటిబొట్టు, తర్వాత పసుపు. ఒక్క క్షణం పచ్చగానే ఉంది. తర్వాత చుక్క ఉన్న చోట మాత్రమే ఎర్రబడింది, చుట్టూ ఉన్న పసుపు పసుపుగానే ఉంది. కుంకుమ బొట్టు పెట్టినట్టుంది! ఇంకో నాలుగు గుంటల్లో వేశా. నాలుగూ ఎరుపే. మా ఆయన్ని పిలిచి చూపించా.

రిటైర్డ్_మాస్టారు
పసుపూ సున్నం కలిస్తే పారాణి. నీ కుండలో సున్నం ఉంది. అయితే మీ ఆయన అన్న దిష్టి మాట కూడా పూర్తిగా కొట్టెయ్యను. దిష్టి తియ్యడానికి కలిపే ఎర్రనీళ్లు ఇవే కదా, నువ్వు పళ్లెంలో చిన్నగా చేశావు.

ఇప్పుడు నిజం చెప్పు. ఆ మట్టిలో ఏం కలిపావు?

మట్టిచేతులు
చెప్తే తిడతారు.

పొదుపులక్ష్మి
తిట్టేవాళ్లు ఎలాగూ తిడతారు. చెప్పెయ్ అమ్మాయ్.

మట్టిచేతులు
ఈసారి వచ్చిన మట్టి మరీ జిగట. ఆరేటప్పుడే పళ్లేల అంచులు లేచి వంకర పోతున్నాయి. ఇసుక కలిపితే సర్దుకుంటుందని ఎక్కడో విన్నా. ఆదివారం భీమిలి వైపు వెళ్లినప్పుడు ఒక సంచీ ఇసుక తెచ్చా. ఎండబెట్టి, పిండి జల్లెడతో జల్లించి, పదో వంతు కలిపా. చూడ్డానికి శుభ్రంగా ఉంది.

భీమిలి_బాబ్జీ
ఓరి దేవుడో. మా బీచ్ ఇసకా! అందులో సగం గవ్వల పొడే. అక్కా, మీరు కుండలు చెయ్యలేదు. గుల్లసున్నం బట్టీ ఎట్టారు.

రిటైర్డ్_మాస్టారు
బాబ్జీ హాస్యానికి అన్నా అసలు విషయం అదే. గవ్వ, ఆల్చిప్ప, నత్తగుల్ల, అన్నిట్లోనూ ఉన్నది కాల్షియం కార్బొనేటే. గుల్లసున్నం ఎలా చేసేవారు? గుల్లలు ఏరి, బొగ్గుతో పేర్చి కాల్చేవారు. సుమారు 850 డిగ్రీలు దాటాక అందులోని కార్బన్ డయాక్సైడ్ ఎగిరిపోయి పొడిసున్నం మిగులుతుంది. నూరు గ్రాముల గుల్ల కాల్చితే 56 గ్రాములు. నీ కిల్న్‌లోనూ జరిగింది ఇదే. అప్పటికి కుండకేమీ కాదు, అందుకే ఖంగుమంది.

గొడవంతా బయటికొచ్చాక. ఆ పొడిసున్నం గాలిలో తేమ పీల్చుకోవడం మొదలుపెడుతుంది. 56 కాస్తా 74 అవుతుంది, పరిమాణంలో బాగా ఉబ్బుతుంది. పాతరోజుల్లో సున్నపుగుల్ల మీద నీళ్లు చల్లితే పువ్వులా విచ్చుకునేది, మా వయసు వాళ్లకి గుర్తుండే ఉంటుంది. ఇక్కడ విచ్చుకోవడానికి చోటు లేదు, చుట్టూ కాలిన మట్టి. ఏ వైపు పలచగా ఉంటే ఆ వైపు పెచ్చు తోసేస్తుంది. మన ఊరి గాలిలో పదిహేను రోజులు చాలు. హరి గారి ఊళ్లో ఇంకాస్త ఆలస్యమవుతుందేమో, మానదు.

హైదరాబాద్_హరి
ఒప్పుకున్నా. బుడగ వెనక్కి తీసుకున్నా.

అడ్మిన్_సాగర్
ఒక్క మాట. బీచ్ ఇసుక సంచుల్లో మోసుకురావడం మీద తీరప్రాంత నిబంధనలున్నాయి. ఒక్క సంచీయే కదా అని ఊరంతా అనుకుంటే ఏమవుతుందో ఆర్కే బీచ్ కోత చూసినవాళ్లకి చెప్పక్కర్లేదు. ఇక్కడ ఎవరూ "ఎక్కడ మంచి ఇసుక దొరుకుతుంది" అని లొకేషన్లు పెట్టొద్దు.

మట్టిచేతులు
తప్పే. మళ్లీ తేను.

లతాకుంచె
నేనూ ఒప్పుకుంటా, పోయినేడాది భీమిలి దగ్గర ఎర్రమట్టి దిబ్బల నుంచి డబ్బాడు తెచ్చా. రంగు చూసి మనసాగలేదు.

అడ్మిన్_సాగర్
లత గారూ, అది ఇంకా పెద్ద తప్పు. జియలాజికల్ సర్వే వాళ్లు భూవారసత్వ స్థలంగా గుర్తించిన చోటు. దేశంలో అలాంటి ఎర్ర దిబ్బలు తమిళనాడు టేరీల తర్వాత మన దగ్గరే.

కుమ్మరివారబ్బాయి
పైగా తెచ్చి ఏం చేశారు? అది పేరుకే మట్టి. ఎక్కువ భాగం ఇసుకే. సారె మీద పెడితే చేతిలో విడిపోతుంది.

లతాకుంచె
అవును, విడిపోయింది. ఆఖరికి జిగురులో కలిపి కాన్వాస్ మీద కొండలు వేశా. ఇక తిట్టకండి, మళ్లీ ముట్టుకోను.

రంగులడబ్బా
లత గారూ, ఆ కొండల మీద తెల్లగా పూత వచ్చిందా? నేను అలల బొమ్మకి బీచ్ ఇసుకే వాడా (క్షమించండి సాగర్ గారూ, అది రెండేళ్ల కిందటి పాపం). ఆరు నెలలకి ఆక్రిలిక్ పైన పిండి చల్లినట్టు తెల్లగా వచ్చింది. తుడిస్తే పోతుంది, వారానికి మళ్లీ వస్తుంది.

రిటైర్డ్_మాస్టారు
అది సున్నం కాదు, ఉప్పు. తేమతో పాటు పైకి పాకి, ఆరినప్పుడు అక్కడే నిలబడిపోతుంది. సముద్రపు ఇసుకని మంచినీళ్లతో పదిసార్లు కడిగితే ఉప్పు పోతుంది, గవ్వ పోదు. ఇక కాన్వాసుల బూజుకి, వాటిని పడమటి గోడకి ఆనించకండి. గోడకీ కాన్వాసుకీ మధ్య జానెడు ఖాళీ ఉంచి, ఫ్యాన్ గాలి వెనక్కి కూడా తగిలేలా పెట్టండి.

గాజువాక_గిరి
మట్టిచేతులు గారూ, మీ పళ్లేల మీద సన్నటి నల్ల చుక్కలు కూడా వచ్చాయా? ఆ తీరంలో ఇసుకలో నల్లచారలు కనిపిస్తాయి కదా, అది ఇల్మనైట్. ఇనుము, టైటానియం కలిసిన ఖనిజం. కొంచెం వంగపండు రంగులో మెరిసేది గార్నెట్.

మట్టిచేతులు
వచ్చాయి! అవి నేను డిజైన్ అని చెప్పుకుని తిరుగుతున్నా.

పొదుపులక్ష్మి
స్టాల్‌లో అదే చెప్పు. నల్లచుక్కల పళ్లెం, యాభై ఎక్కువ.

కుమ్మరివారబ్బాయి
ఇసుక కలపడం తప్పు కాదు, ఏ ఇసుక అన్నదే లెక్క. మా ఊళ్లో నాన్న చెరువు మట్టి తెచ్చి, ఏటి ఇసుక కలిపేవాడు. అయితే చెరువు మట్టిలోనూ నత్తగుల్లలు ఉంటాయి. మట్టిని తడిపి, గోనె కప్పి రెండ్రోజులు ఉంచి, తర్వాత కాళ్లతో తొక్కడమే. గుండ్రంగా తిరుగుతూ, ప్రతి అడుగూ పాత అడుగుకి సగం మీద పడేలా తొక్కేవాడు. మధ్యలో ఆగేవాడు. కళ్లు కిందకి కూడా దించకుండా వంగి, బొటనవేలి కింద నుంచి ఏదో తీసి గట్టు మీదకి విసిరేవాడు. చూస్తే చిన్న గుల్ల ముక్క, కందిపప్పు బద్దంత. నేను చేత్తో వెతికినా దొరికేది కాదు, ఆయన కాలికి తెలిసేది. పొద్దున మొదలుపెడితే గట్టు మీద తెల్లగా చారెడు పోగయ్యేది.

నేనిప్పుడు మధురవాడలో కంప్యూటర్ ముందు కూర్చుంటున్నా. నా బొటనవేలికి షూ తప్ప ఏమీ తెలీదు.

ఒక మాట అడుగుతా, ఎవరూ ఏమీ అనుకోవద్దు. మీరంతా ప్యాకెట్ మట్టి కొని, అద్దె కిల్న్‌లో కాల్చి, ఒక కప్పు ఆరొందలకి అమ్ముతారు. మా నాన్న ప్రమిదలు డజను లెక్కన బేరమాడి తీసుకుంటారు. ఇందులో న్యాయమేంటి?

పొదుపులక్ష్మి
నీ బాధ అర్థమైంది బాబూ, కానీ మాకూ ఎవరూ ఆరొందలు నవ్వుతూ ఇవ్వడం లేదు. "పూర్ణా మార్కెట్‌లో ముప్పైకి వస్తుంది" అని మొహం మీదే అంటారు. ఒకసారి నా స్టాల్ పక్కనే ఏటికొప్పాక బొమ్మలతను. అంకుడు కర్ర, లక్క రంగు, 2017లో జీఐ గుర్తింపు (ఫలానా ఊరి సరుకు అని ఇచ్చే గుర్తింపు) కూడా వచ్చింది. అతన్నీ అదే అడిగారు, ప్లాస్టిక్‌ది ఇరవైకి వస్తుంది కదా అని. చేత్తో చేసినవాళ్లందరిదీ ఒకే తిట్టు.

కుమ్మరివారబ్బాయి
ఒకే తిట్టు కాదండీ. మీకది సరదా. నాన్నకది కూడు.

పొదుపులక్ష్మి
అదీ నిజమే. మీ నాన్నగారి ప్రమిదలు ఈసారి నా స్టాల్‌లో పెడతావా? ధర ఆయన్నే చెప్పమను. నాకు కమిషన్ వద్దు, టీ ఇప్పించు చాలు.

కుమ్మరివారబ్బాయి
అడుగుతా. ఆయన ధర చెప్పడు, అదే గొడవ.

భీమిలి_బాబ్జీ
కుమ్మరికి ఏడాది, గుదియకి ఒక పెట్టు అని మా అమ్మమ్మ అనేది. ఇక్కడ గుదియ కూడా అక్కర్లేదు. గవ్వే చాలు.

మట్టిచేతులు
మిగిలిన 23 సంగతి చెప్పండి ముందు. స్టాల్‌కి ఇంకా మూడు వారాలు. పైకి బాగానే ఉన్నాయి.

లతాకుంచె
లేచిన గుంటల్లో ఎంసీల్ ముద్ద నింపి, రంగేసి, పైన అద్దం ముక్కలు అంటించు. మిక్స్‌డ్ మీడియా అని పెట్టు. ఎవరికీ తెలీదు.

రిటైర్డ్_మాస్టారు
తెలుస్తుందమ్మా. పక్కనే ఇంకో గవ్వ ముక్క ఉంటుంది. కొన్నవాళ్లింట్లో రాత్రి రెండింటికి టప్‌మంటుంది.

పొదుపులక్ష్మి
లతా, వద్దు. ఒకసారి గ్లేజ్ పగిలిన కూజా ఒకటి అలాగే అంటగట్టి, ఆవిడ మళ్లీ వచ్చి నలుగురి ముందు బల్ల మీద పెట్టింది. డబ్బిచ్చేశాను, పరువు మాత్రం తిరిగి రాలేదు. గోడకి తగిలించుకునేది అయితే, "ఇది ఇలా ఊడొచ్చు" అని ముందే చెప్పి సగం ధరకి ఇవ్వు. కప్పులు మాత్రం ససేమిరా. అంచు పెచ్చు నోట్లోకి పోతే?

లతాకుంచె
సరే సరే. నాకంత ఆలోచన లేదు, రంగు కనపడితే చాలు.

గాజువాక_గిరి
నాదొక ఉపాయం. ఇంకోసారి కాల్చండి, ఈసారి 1200కి. ఆ వేడికి సున్నం మట్టిలో కరిగి కలిసిపోతుంది. స్టోన్‌వేర్‌లో, అంటే ఎక్కువ వేడికి కాల్చే గట్టి మట్టిలో, సున్నపురాయి పొడిని కావాలనే కలుపుతారు కదా, కరిగించే పదార్థంగా.

కుమ్మరివారబ్బాయి
గిరి గారూ, ఆ పొడి మైదాలా ఉంటుంది. ఇక్కడున్నవి ముక్కలు. ముక్క పెద్దదైతే పైపైన కరిగి మధ్యలో సున్నంగానే ఉంటుంది. అదలా ఉంచితే, ఈవిడది ఎర్రమట్టి. 1200కి నిలబడుతుందా?

హైదరాబాద్_హరి
నిలబడదు. స్వానుభవం. ఎర్రమట్టి గిన్నెలు మూడు పొరపాటున స్టోన్‌వేర్ లోడులో పెట్టా. తలుపు తీస్తే గిన్నెలు లేవు, షెల్ఫ్ మీద బెల్లం పాకంలా ఒక మడుగు. షెల్ఫ్ డబ్బులు నేనే కట్టా. ఈ విషయంలో మాత్రం నన్ను నమ్మండి.

గాజువాక_గిరి
మా ఇటుకల అలవాటులో అనేశాను. మావి 1200 అంటే లెక్కచెయ్యవు. వెనక్కి.

భీమిలి_బాబ్జీ
ఈ చర్చలో అందరూ వెనక్కే ఎల్తన్నారు.

కుమ్మరివారబ్బాయి
మా ఆవంలో ఇంత గొడవ ఎందుకు రాదో ఇప్పుడర్థమవుతోంది. కట్టెలు, పిడకలు, పైన గడ్డీ బురదా కప్పి కాలుస్తాం. అంత వేడెక్కదు. గుల్ల ముక్క ఒకటీ అరా మిగిలినా సున్నమయ్యేదాకా రాదేమో. మాస్టారూ, అంతేనా?

రిటైర్డ్_మాస్టారు
చాలావరకు అంతే. ఏడెనిమిది వందల్లో ఆపేస్తే గుల్ల గుల్లలాగే ఉంటుంది. తొమ్మిది వందల నుంచి వెయ్యి అంటేనే తంటా. మన హాబీ కిల్న్‌లన్నీ మొదటి కాల్పు ఆపేది సరిగ్గా అక్కడే.

23 సంగతికొస్తే, ఇటుక బట్టీల వాళ్లకి ఒక పాత చిట్కా ఉంది. సున్నం ఉందని అనుమానమొస్తే ఇటుకలు బట్టీ నుంచి తియ్యగానే నీళ్లలో పూర్తిగా ముంచేస్తారు. తేమ కొద్దికొద్దిగా తగిలితే పొడిగా ఉబ్బి తోస్తుంది, ఒక్కసారిగా బోలెడు నీళ్లు దొరికితే ముద్దయి చుట్టూ ఉన్న సన్న రంధ్రాల్లోకి జారుకుంటుంది. నీకిది ఇప్పుడు ఆలస్యమే. అయినా ఒక రాత్రి బకెట్లో నానబెట్టి, తర్వాత మేడ మీద నీడలో వదిలెయ్. నెల తర్వాత నిలబడ్డవి నీవి. గ్లేజ్ వేసిన కప్పులకి లోపలి నుంచి నీళ్లు దిగవు, వాటి మీద ఆశ పెట్టుకోకు.

మట్టిచేతులు
నెల అంటే స్టాల్ పోయినట్టే.

పొదుపులక్ష్మి
ఒక్క కార్తీకం పోతే ఇంకో కార్తీకం వస్తుంది.

లతాకుంచె
పాడైనవి దంచి పొడి చేసి కొత్త మట్టిలో కలుపుకోవచ్చుగా? ఇసుక బదులు. కాలిన మట్టి పొడి కలిపితే వంకర పోదంటారు. వృథా కూడా పోదు.

మట్టిచేతులు
అబ్బ, ఇది బాగుంది! రేపే రోలు తీస్తా.

కుమ్మరివారబ్బాయి
ఆగండాగండి! సున్నం కూడా రోట్లోనే ఉందిగా. జబ్బుని కొత్త మట్టికి అంటించుకుంటారా? పెంకుల పొడి మంచిదే, కానీ సున్నం లేని కుండలది కావాలి. మా పెరట్లో పగిలిన కుండల గుట్ట ఉంది, తాతల నాటిది. దశాబ్దాలు ఎండకీ వానకీ ఉండి పెచ్చు లేవని పెంకులు. తొట్లకొండ బౌద్ధారామం తవ్వకాల్లో దొరికిన పెంకుల్లాంటివి అనుకోండి, అంత పాతవి కాకపోయినా. ఆదివారం ఊరెళ్తున్నా, ఒక గోనె తెస్తా.

మట్టిచేతులు
నిజంగానా? ఎంతివ్వాలి?

కుమ్మరివారబ్బాయి
పెంకులకి డబ్బులేంటండీ. నాన్న నవ్వుతాడు.

రిటైర్డ్_మాస్టారు
దంచేటప్పుడు ముక్కుకి మాస్క్ కట్టుకో, గుడ్డ కాదు, మంచి మాస్క్. పెంకులు ముందు తడిపి దంచు. ఆ ధూళిలో సిలికా ఉంటుంది, ఊపిరితిత్తుల్లో చేరితే బయటికి రాదు. నేల మీద పడింది చీపురుతో ఊడ్చొద్దు, తడిగుడ్డతో తుడువు. ఏ ఇసుకైనా కలిపే ముందు చెంచాడు గాజుగ్లాసులో వేసి నిమ్మకాయ పిండి, చెవి దగ్గర పెట్టుకో. బుసబుసమంటే పారెయ్.

మట్టిచేతులు
మిగిలిన బీచ్ ఇసుక మీద ఇప్పుడే పిండా. సోడా కొట్టినట్టుంది. ఈ నిమ్మకాయేదో నెల కిందట పిండి ఉంటే!

కుమ్మరివారబ్బాయి (ఆరో రోజు)
గోనె ఇచ్చేశా. నాన్నకి మీ చేప పళ్లెం ఫొటో చూపించా. చాలాసేపు చూసి, "చేప బాగుంది, మట్టే చదువుకోలేదు" అన్నాడు. స్టాల్ సంగతి కూడా అడిగా. ప్రమిదలు రెండొందలు ఇస్తాడట. ధర మాత్రం "ఆ అమ్మకి తోచింది" అన్నాడు, చెప్పానుగా.

పొదుపులక్ష్మి
ఆ అమ్మకి డజను నూట ఇరవై తోచింది. కొనేవాళ్లకి ఎలా తోస్తుందో చూద్దాం.

భీమిలి_బాబ్జీ
నాకు మూడు డజన్లు రాయండి. బేరం ఆడను, ఒట్టు.

మట్టిచేతులు (నలభై రోజుల తర్వాత)
లెక్క చెప్తా. పాత 23లో నానబెట్టినా ఇంకో ఆరు లేచాయి. 17 మిగిలాయి, అవి మేడ మీదే ఉన్నాయి, ఇంకా నమ్మకం లేదు. వాటిలో గ్లేజ్ కప్పు ఒక్కటీ లేదు, మాస్టారు చెప్పినట్టే.

కొత్తవి పన్నెండే చేశా. పెంకుల పొడి టీ వడపోతలో రెండుసార్లు జల్లించి కలిపా. అంచులు వంకర పోలేదు. కిల్న్ ఆయన కూడా ఈసారి ఏమీ అనలేదు, పైగా నిమ్మకాయ పరీక్ష నా దగ్గరే నేర్చుకుని అందరి మట్టికీ చేస్తున్నాడట. గోరువెచ్చగా ఉండగానే బకెట్లో ముంచా, బుడగలు గుడగుడమని పైకొచ్చాయి. ఇవాళ్టికి 22 రోజులు. పన్నెండూ ఉన్నాయి. రోజూ పొద్దున బ్యాంకుకి వెళ్లే ముందు తడిమి చూసుకుంటున్నా, మా ఆయన నవ్వుతున్నారు.

అత్తగారు మాత్రం పాత కప్పులు తిరిగివ్వనన్నారు. అంచు పోయినదాంట్లో తులసి విత్తనాలు వేశారు. నిన్న రాత్రి ఫోన్ చేశారు, ఇంకోటి టప్‌మందట. "ఇప్పుడు బల్లి అనుకోవడం మానేశాలే" అన్నారు.

భీమిలి_బాబ్జీ
ఆ కప్పులో ఇంకా సున్నం ఉన్నట్టే లెక్క. దాన్ని పారెయ్యొద్దని మీ అత్తగారికి చెప్పండి. తమలపాకులు, వక్క నాను తెస్తాను.